వెనక సీటు

ఎత్తు మొదలైందని ఇషాక్ చెప్పకముందే మెహర్ కాళ్ళకు తెలిసిపోయింది. అప్పటిదాకా తేలిగ్గా తిరుగుతున్న పెడళ్ళు ఉన్నట్టుండి బరువెక్కాయి, కాలవలో దిగినప్పుడు తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకున్నట్టు, ఆ బరువు మోకాళ్ళకెక్కి తొడల్లోకి పాకింది, ముందెక్కడో గేరు మారిన చప్పుడు, చైను ఒక చక్రం పళ్ళ మీంచి ఇంకో చక్రం పళ్ళ మీదికి జారి కుదురుకున్న చప్పుడు, దాని వెనకే ఇషాక్ గొంతు, "ఘాట్ ఎక్కుతున్నాం మెహర్." తెలుసండీ అనబోయి ఊరుకుంది. చెప్పనీ. మాట్లాడడం అతను ఈ ఏడాదే నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నోరు విప్పితే అరిగిపోతుందన్నట్టు ఉన్న మనిషి, ఇప్పుడీ రెండు సీట్ల సైకిలు మీద ముందు కూర్చుని, గుంత, లారీ, ఎడమకి తిరుగుతున్నా, గేదెలు అడ్డమొచ్చాయి, ఆపుతున్నా, కాలు దించు, మళ్ళీ తొక్కు, అని ఎడతెగకుండా చెబుతూనే ఉంటాడు. వెనక సీటులో ఆమెకూ హ్యాండిలు ఉంది గాని అది తిరగదు. బ్రేకు లేదు. చూపు లేదు. ఉన్నవల్లా రెండు కాళ్ళూ, ఎదురుగా అతని వీపూ.

చూపు లేదనడం పూర్తిగా నిజం కాదు, వెలుగూ నీడా ఇంకా తెలుస్తున్నాయి, చెట్ల కిందనుంచి పోతుంటే తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, ఎవరో పక్కింట్లో కిటికీ రెక్క వేస్తూ తీస్తూ ఉన్నట్టు. ఆ తెలుపు కూడా ఎన్నాళ్ళో ఉండదని కంటి డాక్టరు చెప్పాడు, చాలా మర్యాదగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని పంపించేటప్పటి గొంతుతో. మీ అమ్మానాన్నలది మేనరికమా అని అడిగాడు. అవునంది. మొదట్లో తప్పంతా మైక్రోస్కోపుదే అనుకుంది తను. గుంటూరులో ఆసుపత్రి ల్యాబులో రోజంతా గాజుపలక మీద నెత్తురు చుక్క చూడడమే పని, గుండ్రటి వెలుగు, అందులో లేత గులాబీ రంగు కణాలు, పొద్దున్నే కళ్ళాపి నీళ్ళ మీద రాలిన పువ్వుల్లా, ఆ గుండ్రం అంచులు నల్లబడుతున్నాయి, లెన్సు తుడిచింది, బల్బు మార్పించింది, కంపెనీ మనిషిని పిలిపించి పోట్లాడింది, ఆఖరికి ఒక సాయంత్రం మైక్రోస్కోపు మీంచి తల ఎత్తితే గది కూడా అదే గుండ్రంలో ఉంది. బల్ల, తలుపు, తలుపు దగ్గర నిలబడి ఏదో అడుగుతున్న నర్సు, అంతా ఒక చిన్న గుండ్రంలో, చుట్టూ నలుపు.

ఎండ మెడ మీంచి కుడి చెవికి జరిగింది, కుడికి మలుపు తిరిగారన్నమాట. మళ్ళీ మెడ మీదికి. కళ్ళున్నప్పుడు ఈ సంగతి తెలియదు, ఎండ ఒంటి మీద నడుస్తుందని. టేకాకులు చక్రాల కింద నలుగుతున్నాయి, అప్పడాలు విరిగినట్టు, మాఘం వెళ్ళే రోజులు, అడవంతా ఆకు రాల్చే కాలం. కింద గిద్దలూరు వైపు మిరప కల్లాల ఘాటు ఇందాకటి దాకా ముక్కుకు తగులుతూనే ఉంది, ఇప్పుడు లేదు, గాలి సన్నబడింది, అందులో పచ్చి కట్టె వాసన. దిగువమెట్ట దాటగానే బాలు ట్రాలీ ఆటోలోంచి సైకిలు దించి ఇచ్చాడు. బాలు ఇషాక్‌తో కలిసి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు. "ఒరేయ్ ఇషాకూ, కొండ అవతల టీ కొట్టు దగ్గర కాసుకుని ఉంటా. కాళ్ళు లాగేస్తే ఫోన్ కొట్టు, వెనక్కి తిప్పుకొస్తా," అని అరిచి వెళ్ళిపోయాడు. రాత్రి గిద్దలూరు లాడ్జిలో ఇషాక్ ఘాట్ మాటే ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు గుంటూరులో అత్తగారు జాన్‌బీ తస్బీ తిప్పుకుంటూ, "ఎందాకా?" అనడిగితే, "గిద్దలూరమ్మా," అన్నాడు, అత్తయ్య తస్బీ పూసల చప్పుడు ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ మొదలైంది, అంతే.

శ్వాస చూసుకో, శ్వాస చూసుకో. ఎక్కేటప్పుడు కొండవైపు చూడకు, నీ ముందు చక్రం ముందు మూరెడు రోడ్డే చూడు, అని భవ్య చెప్పేది, సైక్లింగ్ క్లబ్బు భవ్య, మొట్టమొదట కొండవీడు ఘాట్ ఎక్కించింది ఆవిడే. ఆ రోజు సగంలో దిగి రోడ్డు పక్కన కూలబడి ఏడ్చింది మెహర్, ముప్పై దాటిన మనిషి, చుడీదారు మీద హెల్మెట్టూ, నాకెందుకొచ్చిన గోల అని. పైకి వెళ్ళాక, కింద పలచగా పరుచుకున్న పొలాలు, ఒక చెక్క పత్తి తెల్లగా, ఒక చెక్క మిరప ఎర్రగా, ఎవరో బొంత కుట్టి ఆరేసినట్టు. బొంత అనుకోగానే నాన్న. పర్చూరులో నాన్న అల్లాబక్షు దూది ఏకేవాడు, చిన్న గది, మూసిన తలుపు, విల్లు నారి టంగ్ టంగ్ టంగ్‌మని, ఒక్కో దెబ్బకీ దూది పైకి లేచి గదంతా తెల్లటి పొగ, అందులో నాన్న కనిపించేవాడు కాదు, నారి చప్పుడును బట్టి ఎక్కడున్నాడో తెలుసుకుని అటు నడిచి వెళ్ళి కాళ్ళు పట్టుకునేది, నాన్న నవ్వేవాడు, మీసాల మీద దూది. ఇప్పుడు చైను చప్పుడు అలాగే ఉంది, చుట్టూ తెలుపు, చప్పుడు ఉన్న చోట మనిషి ఉన్నాడు, భయమెందుకు.

కొండవీడు తర్వాత నల్లమల. ఏటా చలికాలం క్లబ్బువాళ్ళతో ఈ ఘాట్‌కే వచ్చేది. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి ఇషాక్‌కి కథలు కథలుగా చెప్పేది, అతను కంచం ముందు కూర్చుని వినేవాడు, ఎక్కడం ఒక ఎత్తండీ, దిగడం ఒక ఎత్తు, ఒక మలుపు ఉంటుంది, లోయ మొత్తం ఒక్కసారి తెరుచుకుంటుంది, అక్కడ బ్రేకు వదిలేస్తే ఒళ్ళు తేలిపోతుంది, మనిషిలా ఉండదు, అని చేతులు చాచి చూపించేది. అతను, "నువ్వు తిన్నావా?" అనేవాడు. ఎప్పుడూ అంతే. ఎంత మొద్దు మనిషివయ్యా అనుకునేది లోపల. చూపు బాగా తగ్గి ఒకసారి రోడ్డు మీద పడ్డాక సైకిలు అమ్మేసింది, ఉద్యోగం మానేసింది, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. గోడ చల్లగా ఉండేది. ఎన్ని నెలలో. ఒక ఆదివారం గుమ్మంలో ఏదో ఇనుము ఆనించిన చప్పుడు, ఇషాక్ వచ్చి చెయ్యి పట్టుకుని లేపి, ఆ చేతిని ఒక హ్యాండిలు మీద పెట్టాడు, తర్వాత ఒక సీటు మీద, తర్వాత ఇంకో హ్యాండిలు, ఇంకో సీటు. "ఇది నీది," అన్నాడు. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసింది. ఆ రెండో సీటు నుంచి మిరప ఘాటు గుప్పున కొట్టి ఆగకుండా తుమ్మింది తను. తర్వాత బాలు చెప్పాడు, రెండు నెలలుగా డ్యూటీ దిగాక కోల్డ్ స్టోరేజీ వెనక రోడ్డు మీద, వెనక సీటుకి మిరపకాయల బస్తా కట్టుకుని తొక్కడం నేర్చుకున్నాడట, వెనక బరువుంటే ఎలా ఒరుగుతుందో తెలియాలని. "బస్తా రెండుసార్లు పడేశాడు చెల్లెమ్మా. నువ్వు మటుకు గట్టిగా పట్టుకో," అన్నాడు బాలు. ఇషాక్ అప్పటిదాకా సైకిలు తొక్కింది పదో క్లాసులోనే.

"మోదుగ పూసింది," అన్నాడు ఇషాక్ ఆయాసపడుతూ.

"ఏ రంగు?"

"ఎరుపు."

"ఏ ఎరుపండీ?"

కొంచెంసేపు తొక్కాడు. "తేజ రకం కాదు. తేజ ముదురు. కల్లంలో పోసిన కొత్తలో పండుకాయ ఉంటుందే, లోపల పసుపు దాగినట్టు. అది."

"రాళ్ళు?"

"తాలుకాయ రంగు." ఎండకి రంగు పోయి తెల్లబడ్డ కాయలు. ఆమెకు నవ్వొచ్చింది. ప్రపంచంలో ఉన్న రంగులన్నీ అతనికి మిరప యార్డులోనే ఉన్నాయి. ఆకాశం ఏ కాయండీ అని ఏడిపించబోయింది గాని ఎత్తు పెరిగింది, మాటకి ఊపిరి మిగల్లేదు, కాళ్ళు అతని కాళ్ళతో కలిసి దిగి, కలిసి లేచి, దిగి, లేచి, ఒకే చైను కదా, అతను నెమ్మదిస్తే తనూ నెమ్మదించాల్సిందే, అతను తడబడితే తన పాదానికి తెలిసిపోతుంది, ఇన్నేళ్ళు పక్కన పడుకున్నా ఈ మనిషి ఎప్పుడు తడబడతాడో తెలియలేదు, ఇప్పుడు అరికాలికి తెలుస్తోంది. పైకి వెళ్ళేకొద్దీ తడబాటు ఎక్కువైంది. అలిసిపోయాడనుకుంది.

కొండ మీద ఆగారు. నీళ్ళు తాగారు, ఇషాక్ ఖర్జూరాలు చేతిలో పెట్టాడు. తను ఆ గాలిని లోపలికి పీల్చుకుంటోంది, మూడేళ్ళయింది ఈ గాలి తాకి, ఒక్కసారి నల్లమల ఘాట్ దిగాలని ఉందండీ, ఆ కాస్త వెలుగూ ఉండగానే, అని నెల కిందట అడిగితే ఇషాక్ నాలుగైదు రోజులు ఉలకలేదు పలకలేదు, అయిదో రోజో ఆరో రోజో చెప్పులు వేసుకుంటూ, "సరే, వెళ్దాం," అన్నాడు. పక్కన అతను బ్రేకులు నొక్కుతున్నాడు. నొక్కి వదిలి, నొక్కి వదిలి. "బాగానే ఉన్నాయా?" అంది. "ఆఁ." మళ్ళీ నొక్కాడు.

దిగడం మొదలైంది. ఎండ వెనక కొండ చాటుకి పోయింది, ఒక్కసారిగా నీడ, చల్లదనం, కోల్డ్ స్టోరేజీ తలుపు తీసినట్టు. ఇక ఇప్పుడు, ఇప్పుడు, అని ఒళ్ళంతా ఎదురుచూసింది, చెవుల పక్క గాలి హోరెత్తాలి, కడుపులో ఆ తేలడం రావాలి. రాలేదు. సైకిలు ఈడ్చుకుంటూ పోతోంది. బ్రేకులు కీచుమంటూనే ఉన్నాయి, రబ్బరు కాలిన వాసన, పెడళ్ళు ఆగి ఉన్నాయి, పాదాలకి ఏ కబురూ అందడం లేదు. ఎడమ అనడం లేదు, కుడి అనడం లేదు. సైకిలు ఒరిగింది, తనూ ఒరిగింది, మలుపని ఎవరూ చెప్పలేదు. "ఏమండీ?" అంది. "ఏమండీ, చెప్పండి." కింద ఎక్కడో లారీ హారన్ మోగింది, పొడుగ్గా, కొండని చుట్టుకుంటూ పైకొచ్చింది, సైకిలు కుదుపుతో ఆగింది. కాలు నేలకి ఆన్చి చేత్తో వెతికి అతని వీపు పట్టుకుంది. చొక్కా తడిసి ముద్దయింది. వీపు వణుకుతోంది, జ్వరమొచ్చిన బిడ్డ వీపులా.

"దిగు," అన్నాడు.

"టైరు పోయిందా?"

"లేదు. దిగు. బాలుకి ఫోన్ చేస్తా. ఆటో వస్తుంది."

లారీ మూలుగుతూ ఎక్కి, వేడి గాలి విసిరి, వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"అన్న ఇక్కడే పోయాడు," అన్నాడు ఇషాక్.

మాలిక్. బావగారు. తను కాపురానికి వచ్చేటప్పటికే లేడు. హాల్లో ఫొటో ఉండేది, ఒత్తు జుట్టు, గళ్ళ చొక్కా, లారీ బంపర్ మీద ఒక కాలు. లారీ నడిపేవాడు, అది బోల్తా పడి చనిపోయాడన్నారు, ఎక్కడని కొత్త కోడలు అడగలేదు, పాతబడ్డాక అడిగే సందు రాలేదు, ఎక్కడో హైవే మీదనుకుంది, తనంతట తనే ఒక హైవే ఊహించుకుని బావగారిని అక్కడ ఉంచేసింది. ఇక్కడ. ఈ మలుపు. లోయ ఒక్కసారి తెరుచుకుంటుందండీ, బ్రేకు వదిలేస్తే ఒళ్ళు తేలిపోతుంది. ఎన్ని ఆదివారాలు. చేతులు చాచి చూపిస్తూ. అతను కంచం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని, ఆ మలుపు గురించి వింటూ, నువ్వు తిన్నావా. నువ్వు తిన్నావా అంటే ఏమిటో ఇన్నేళ్ళకు వినపడింది. పొద్దున్నే తను హెల్మెట్ పెట్టుకుని వెళ్తుంటే తలుపు దాకా వచ్చేవాడు. సాయంత్రం తలుపు కొట్టకముందే తీసేవాడు. ఒక్కసారి, ఒక్కసారైనా వెళ్ళొద్దు అనలేదు.

చేత్తో తడుముకుంటే పిట్టగోడ తగిలింది, కూర్చుంది. అతనూ పక్కన కూర్చున్నాడు. ఏమని ఓదార్చాలో తెలియలేదు, ఓదార్చే వయసు ఆ దుఃఖానికి దాటిపోయింది. "ఎట్లా ఉండేవాడు?" అంది.

"అన్నా?" ఎండుటాకు ఒకటి తీసి నలిపిన చప్పుడు. "ఒకటే వాగుడు. నాకు మాట్లాడే అవసరమే ఉండేది కాదు, వాడే ఇద్దరి మాటలూ మాట్లాడేసేవాడు." ఇంకో ఆకు నలిపాడు. "గుంటూరు నుంచి మిరపకాయల లోడు. నేనూ నాన్నా వచ్చాం తెల్లారి. బస్తాలు పగిలి, ఈ వాలు మొత్తం కాయలే. పైనుంచి కింద దాకా. ఆ ఎరుపు నాకు... ఆ యార్డులో, ఆ కోల్డ్ స్టోరేజీలో, రోజూ చూస్తూనే ఉన్నా మెహర్. వేరే పని చూసుకుందామని మొదట్లో అనుకున్నా. తర్వాత చూసుకోలేదు. వాడు మోసిన కాయలే కదా అనిపించేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు రావడం మానేసేదానివి."

గాలి వీచింది. వెదుళ్ళు ఒకదానికొకటి రాసుకుని పాత మంచం కిర్రుమన్నట్టు. కింద ఎక్కడో పిట్ట ఒకటి ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ అంటోంది, దానికింద ఇంకా లోతున రైలు, నంద్యాల వైపు పోయేదో వచ్చేదో, సొరంగంలోంచి బయటపడి కూత వేసి, వంతెన మీద చక్రాల చప్పుడు పలచగా పరిచి, మళ్ళీ కొండలోకి దూరిపోయింది. రోడ్డు మీద మోటారు సైకిలు ఒకటి వచ్చి నెమ్మదించింది, "ఏమైనా సాయం కావాలాండీ?" ఎవరో కుర్రవాడి గొంతు. "వద్దు బాబూ," అన్నాడు ఇషాక్, అది వెళ్ళిపోయింది. ఆమె వంగి నేల ముట్టుకుంది. మెత్తగా ఉంది, ఏళ్ళ తరబడి రాలిన ఆకు కుళ్ళి మట్టయిన మెత్తదనం, చల్లగా, అందులో ఏదో మొక్క వేలికి తగిలింది, సన్నటి కాడ, రెండాకులు. దాన్ని అలాగే వదిలేసింది.

"బాలుకి చెయ్యమంటావా?" అన్నాడు.

"మీ ఇష్టం."

నిజంగానే అతని ఇష్టం అనుకుంది. ఆటోలో దిగినా తనకి లోటేమీ లేదు ఇప్పుడు. ఫోన్ జేబులోంచి తీసిన చప్పుడు, మళ్ళీ జేబులో పెట్టిన చప్పుడు. "ఈ మలుపు నడుద్దాం," అన్నాడు. అతను ముందు హ్యాండిలు పట్టుకున్నాడు, ఆమె వెనక సీటు పట్టుకుంది, ఇద్దరి మధ్యా సైకిలు టిక్ టిక్‌మంటూ దొర్లింది. నడుస్తూ అతను చెప్పాడు, ఇక్కడ గోడ కొత్తది, అప్పుడు లేదు. ఇక్కడ నాన్న కూర్చున్నాడు. ఇక్కడ నేను నిలబడ్డాను. లోయ ఎట్లా ఉందంటే, పచ్చగా ఉంది మెహర్, ఏ కాయ రంగూ కాదు, నాకు పేరు తెలియదు. ఆగకుండా చెబుతూనే నడిచాడు. మలుపు అయిపోయాక నిలబడ్డాడు.

"ఎక్కు."

ఎక్కింది. "ఎడమకి," అన్నాడు. ఎడమకి ఒరిగారు. "కుడి. ముందు తిన్నగా ఉంది. ఎదురు ఎవరూ లేరు." కీచుమన్న చప్పుడు కొంచెం తగ్గింది, ఇంకొంచెం తగ్గింది, ఆగిపోయింది, వదిలాడు, గాలి ఒక్క ఉదుటున చెవుల్లోకి దూసుకొచ్చింది, చున్నీ వీపు మీద టపటపా కొట్టుకుంది, తెలుపు నలుపు తెలుపు నలుపు విడివిడిగా ఉండడం మానేసి కలిసిపోయి పరుగెత్తాయి, కడుపులో ఆ తేలడం వచ్చింది, కాని పాతది కాదు, అప్పట్లో తను ఒక్కతే తేలేది, ఇప్పుడు ముందొక బరువైన మనిషి, తన అన్నను పోగొట్టుకున్న రోడ్డు మీద బ్రేకు వదిలిన మనిషి, ఆ బరువుతో కలిసి తేలడం, భూమి కిందికి వాలిపోతూ మోసుకుపోతున్నట్టు. "కుడి," అని అరిచాడు గాలిలో, "ఎడమ," అని అరిచాడు, అతను అంత గట్టిగా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

టీ కొట్టు దగ్గర బాలు ఈల వేశాడు. ఇద్దరూ దిగారు. బాలు టీ చెప్పడానికి వెళ్ళాడు. ఇషాక్ ఫోన్ తీశాడు, ఈసారి నొక్కాడు, స్పీకర్‌లో అత్తయ్య గొంతు వచ్చింది. "ఏరా, తిన్నారా?"

"అమ్మా, ఘాట్ దిగాం."

అవతల తస్బీ పూసల చప్పుడు ఆగింది. టీ కొట్టులో స్టవ్ బుస్సుమంటోంది.

"ఆ చోటు చూశావా?" అంది జాన్‌బీ. ఎప్పుడూ వీధి చివరికి వినపడేలా మాట్లాడే మనిషి, ఇప్పుడు చెవి ఆనిస్తే గాని వినపడలేదు.

"చూశానమ్మా."

"ఎట్టా ఉందిరా?"

ఇషాక్ నోరు తెరిచినట్టు తెలిసింది, ఊపిరి వచ్చింది గాని మాట రాలేదు.

"వాడు చెప్పలేడు," అంది జాన్‌బీ. "ఫోను అమ్మాయికియ్యి. మెహరూ, నువ్వు చెప్పమ్మా. నన్నెప్పుడూ ఎవరూ తీసుకుపోలేదు. నేనూ అడగలేదు. నువ్వు చెప్పు."

మెహర్ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"చల్లగా ఉందత్తయ్యా," అంది. "నేల మెత్తగా ఉంది. ఆకు రాలి రాలి పరుపులా అయింది."

"ఊఁ."

"వెదుళ్ళున్నాయి. పిట్టలున్నాయి. కింద రైలు పోతుంది, కూత పైదాకా వినపడుతుంది. రోడ్డు మీద మనుషులు పోతూనే ఉంటారు. మేం కూర్చుంటే ఎవరో అబ్బాయి బండి ఆపి సాయం కావాలా అనడిగాడు."

"అడిగాడా?"

"అడిగాడత్తయ్యా."

జాన్‌బీ ముక్కు చీదుకున్న చప్పుడు. తర్వాత మామూలు గొంతు కొంచెం తిరిగొచ్చింది. "అయితే మరీ ఒంటరి చోటేం కాదు."

"కాదత్తయ్యా."

"ఇంకా చెప్పు," అంది జాన్‌బీ. బాలు టీ గ్లాసులు తెచ్చి నిలబడ్డాడు. ఇషాక్ అందుకోలేదు. మెహర్ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.